తొమ్మిదేళ్లకొక్క వేసవి

గ్రాందొలా కొండల్లో సీసా బిరడాలు చేసే బెండు చెట్ల బెరడు వొలిచేవాళ్ల మధ్య బెల్మీరు పేరెత్తితే ఇప్పటికీ టోపీలు తీస్తారు. ఊరి బడిలో నాలుగో తరగతి ముగించి, పదహారో ఏట గొడ్డలి పట్టాడు. నలభై తొమ్మిది వేసవుల్లో అతని చేతికింద ఒక్క చెట్టుకీ లోపల గాటు పడలేదు. పదిహేడుమందికి పని నేర్పాడు. నిలువెత్తు బెరడు పలకను చిట్లకుండా దించి సంతలో రెండుసార్లు బహుమతి గెలిచాడు. ఇవన్నీ ఒక ఎత్తు, ఇరవై రెండో ఏట చేసిన పని ఒక ఎత్తు. తండ్రి వాటాగా ఇచ్చిన రాళ్ల నేలలో, వాగునుంచి గుట్ట పైదాకా, మూడు వందల మొక్కలు నాటాడు.

"జామాయిల్ వెయ్యరా, పన్నెండేళ్లకు డబ్బు చేతికొస్తుంది. వీటి ఫలం తినేనాటికి నీ నోట్లో పళ్లుండవు!" అని ఊరంతా నవ్వింది.

ఆ పళ్లు లేని రోజుల కోసమే అతను నాటింది. ముసలితనంలో ఏ మేస్త్రీ పిలుపు కోసమూ కాచుకోకూడదని.

నాటిన ఇరవై ఐదేళ్లకు మొదటి వొలుపు. ముతక బెరడు, కారుచౌక. అక్కణ్నుంచి తొమ్మిదేళ్లకోసారి. మూడో వొలుపుకు గాని సీసా బిరడాలకు పనికొచ్చే సరుకు రాదు. వొలిచిన ఏడాది చివరి అంకెను బోదెమీద తెల్లరంగుతో రాస్తారు. బెల్మీరు చెట్లన్నిటిమీదా ఆరు ఉంది, అంటే రెండువేల పదహారు.

భార్య కుస్తోదియా మొదటి వొలుపునాడే చెప్పింది. "అన్నీ ఒక్కసారే ఎందుకయ్యా? మూడు వంతులు చేసుకో. మూడేళ్లకోసారి చేతిలో ఏదో ఒకటి ఆడుతుంది."

తన సరుకుతో లారీ నిండి ఊరిమీదుగా వెళ్లడం చూడాలని అతని సరదా. వినలేదు. అందుకే బతుకంతా ఒక్క వేసవికి, రెండువేల ఇరవై అయిదులో రావలసిన మూడో వొలుపుకు, వేలాడింది.

ఆ వేసవికి ముందు ఏప్రిల్‌నుంచి చినుకు లేదు. చెట్టులో తడి ఆడకపోతే బెరడు ఊడదు. బలవంతం చేస్తే లోపలి తల్లిపొర చిరిగి చెట్టు ఎండిపోతుంది. జూన్ అంతా బెల్మీరు ఆకులు నలిపి చూశాడు, మొదళ్ల దగ్గర తవ్వి చెమ్మ వెతికాడు. ఈ వొలుపు కాగానే గొడ్డలి తగిలించెయ్యమని కుస్తోదియా రొట్టెల పొయ్యి వెనక మేకు కొట్టింది.

జులై మొదటి సోమవారం బావమరిది లియొనెల్‌నూ ఆరుగురు కూలీలనూ తీసుకుని వాగు పక్కనుంచి మొదలెట్టాడు. గొడ్డలి దించి మెలిపెడితే బెరడు డొల్లగా పలికింది, పలకలు చక్కగా ఊడాయి. రెండు రోజుల్లో నూట పది చెట్లు. బేరగాడు సెవెరీను లారీ పక్కన నిలబడి మురిసిపోయాడు.

మూడోనాడు గుట్టమీద మొదటి చెట్టు. మెలిపెట్టగానే మొద్దుగా, పొడిగా చప్పుడైంది. బెల్మీరు చెయ్యి ఆగింది.

"ఏం బావా, గొడ్డలి బరువెక్కిందా, వయసు బరువెక్కిందా?" అన్నాడు లియొనెల్.

"నోరు ముయ్యరా. బెరడు అంటుకుపోయుంది."

"కాస్త గట్టిగా లాగు, పెద్దాయనా," అన్నాడు సెవెరీను. "వచ్చే ఏడు ఈ ధర ఉంటుందని నేను మాటివ్వను. అడవి అంటుకుందా, చెట్లే ఉండవు. నీ చెయ్యి మాత్రం ఇలాగే ఉంటుందా?"

మూడూ నిజమే. మూడూ బెల్మీరును రోజూ నిద్ర లేపుతున్నవే. ఇంకొక్కసారి మెలిపెట్టాడు. అరచెయ్యంత తల్లిపొర పలకతోపాటు ఊడొచ్చింది. నలభై తొమ్మిది వేసవుల్లో మొదటి గాటు, అదీ తను నాటిన చెట్టుకే.

"దించండిరా గొడ్డళ్లు," అన్నాడు.

"ఇంకా నూట తొంభై చెట్లున్నాయి బావా!"

"ఉన్నాయి కాబట్టే దించమంటున్నా."

లారీ సగం కూడా నిండకుండానే వెళ్లిపోయింది. వచ్చిన డబ్బు పొదుపుగా వాడితే మూడేళ్లు. వొలిచిన బోదెలమీద అయిదు రాశాడు. గుట్టమీద ఆరు అలాగే ఉండిపోయింది, మళ్లీ వానలు పడి చెట్లకు తడి అందేదాకా. మర్నాడు తనే వొలుపు మేస్త్రీ ఇంటి గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకు నిలబడి, వచ్చే వేసవి పనికి పేరు రాయించుకున్నాడు.

"మూడు వంతులు కాకపోయినా రెండయ్యాయిగా," అంది కుస్తోదియా.

"నవ్వుకో, నవ్వుకో."

"నవ్వట్లేదయ్యా. గుట్టమీద అది పొగేనా?"

బెల్మీరు లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు. "దుమ్మే. మేకలు దిగుతున్నాయి."

ఆగస్టు పొడుగునా రోజుకు పదిసార్లు ఆమె అదే అడిగింది, అతను అలాగే లేచి చూశాడు. గొడ్డలి కోసం పొయ్యి వెనక కొట్టిన మేకుకు ఆమె వెల్లుల్లి జడ తగిలించింది.