పువ్వు విచ్చుకునే దాకా

ఆ రోజుల్లో చలికాలం దగ్గర పడుతోందంటే నాకు ముందుగా గుర్తొచ్చేది నా నడుము. మంచు పడితే ఊళ్ళో వాళ్ళకి ముచ్చట. మాకు మాత్రం అందులోంచి నీళ్ళకుండలే కనిపించేవి. సబ్బవరం అవతల మెట్ట మీద, భూమి లేని కుటుంబాలన్నిటికీ కలిపి సర్కారు ఇచ్చిన పొలం మాది. అందరం కలిసి దున్నాలి, కలిసి కోయాలి, వచ్చింది పంచుకోవాలి. చెప్పుకోవడానికి చక్కగానే ఉంటుంది. ఈలోగా ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలైంది, మా మగాళ్ళు మట్టిపనికని అటు పోయారు, ‘అందరం’ అన్న మాటలో ఆడవాళ్ళం మిగిలాం. (అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. వచ్చి ఉంటే ఆ మాట ఎక్కడ రాసి ఉందో వెతికి కొట్టేసేదాన్ని.)

ఆ ఉమ్మడి పొలం సంఘానికి పెద్ద మా మామగారి అన్న. అందరికీ పెద్దమావ. ఆయనకి ఆ ఏడు సరుగుడు చెట్ల పిచ్చి పట్టింది. మొత్తం పొలంలో నీరందే నేల నూతి కిందున్న చిన్న మడి ఒక్కటే, దాన్ని చెక్క అనేవాళ్ళం. అందులో సరుగుడు వేసేస్తే కలుపు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, అసలు మనిషే అక్కర్లేదంటాడు. మనిషి అక్కర్లేకపోతే మేమేం కావాలి? తట్టలు పట్టుకుని మేమూ మట్టిపనికి పోవాలి, పసిపిల్లల్ని ఆ దుమ్ములో పడుకోబెట్టాలి. అందుకని ఆడవాళ్ళమంతా వెళ్ళి ఆయన అరుగు మీద కూచున్నాం. అన్నం వేళైనా లేవలేదు. చివరికి విసుగొచ్చి, ఈ ఒక్క చలికాలం చూస్తానన్నాడు. పంట అమ్ముడుపోతే చెక్క మాది, పోకపోతే సరుగుడుది.

వ్యవసాయం సంగతులు చెప్పడానికి సైకిల్ మీద ఒకాయన వచ్చేవాడు. చలికాలంలో పట్నంలో బాగా పోతుందని ఏదో కొత్త నారు తెచ్చిచ్చాడు. దాని పేరు ఇంగ్లీషులో ఏదో అన్నాడు కానీ మాకు నోరు తిరగలేదు. సరేలే, పువ్వు అనుకోండి అన్నాడు. జలుబుతో ముక్కు చీదుకుంటూ చెప్పింది ఇంతే: జాగా వదిలి నాటండి, నీళ్ళు తప్పకండి, పువ్వు బాగా వచ్చాక కోయండి. ఆ తర్వాత ఆయన జలుబు జ్వరంలోకి దిగినట్టుంది, ఆ చలికాలం మళ్ళీ కనిపించలేదు.

పువ్వు అనగానే అందరూ నా వైపు తిరిగారు. మా పుట్టింటివాళ్ళది చామంతి తోట. పువ్వు ఎప్పుడు కోయాలో, ఎలా కోయాలో నడక రాకముందే తెలిసినదాన్నని నేనే చెప్పుకుని తిరిగేదాన్ని. అలా నేను పువ్వుల పెద్దనైపోయాను. పెద్దరికం వచ్చినంత మాత్రాన కుండ దిగదు. తెల్లారకముందే లేచి, గోగు పుల్లల మంట దగ్గర చేతులు కాచుకుని, ఆ వేడి ఆరకముందే నూతి దగ్గరికి పరుగెత్తడం. చేతులు చలికి పగిలి, తాడు పట్టుకుంటే మండేవి. పిలిస్తే పలకడానికి కూడా ఓపిక లేక ఒకళ్ళనొకళ్ళం చూసి తల ఊపుకునేవాళ్ళం.

మాలో అందరికన్నా కొత్తది నా తోటికోడలు. మా మరిది యారాడ నుంచి చేసుకొచ్చాడు, సముద్రం మీద చేపలు పట్టేవాళ్ళ పిల్ల. వరికీ ఊదకీ తేడా తెలీదని దాన్ని ఆటపట్టించని రోజు లేదు. అది వచ్చేసరికి నాట్లు అయిపోయాయి. అందుకని మిగిలిపోయిన నారు చేతికిచ్చి గట్టు పక్క మూల చూపించాం. దాని మొక్కలు మావాటికన్నా బాగా వెనకబడ్డాయి.

కొన్నాళ్ళకి మా మొక్కల్లో, ఆకుల మధ్య, తెల్లటి ముద్ద ఒకటి లేచింది. అన్నం ముద్ద కన్నా పెద్దదైంది. ఇదేమిటని అందరూ నన్నడిగితే మొగ్గ అన్నాను. తోటికోడలు వంగి బొటనవేలితో నొక్కి చూసింది.

“గట్టిగుందప్పా. కోసేద్దుమా? సేపైనా గట్టిగున్నప్పుడే కొంతారు. మెత్తబడితే పిల్లి కూడా ముట్టదు.”

“ఇది సేప కాదే గుంటా, పువ్వు. ఇచ్చుకోని పువ్వు ఎవులు కొంతారు?” అన్నాను. అందరూ నవ్వారు. అది నొచ్చుకోలేదు. మూలకి పోయి, తన మొక్కల్లో ముద్ద లేవడం మొదలవగానే వాటి ఆకులే వాటి మీదకి వంచి కట్టేసింది. ఎండ తగిలితే పాడవుతుందట, వాళ్ళమ్మ చేపల తట్ట మీద ఆకు కప్పకుండా గడప దాటదట. మొగ్గలకి ముసుగులేమిటని మళ్ళీ నవ్వాం.

మా పువ్వులు విచ్చుకున్నాయి. ముందు ముద్ద వదులై, కొమ్మలు కొమ్మలుగా విడిపోయి, ఆపైన సన్నటి పసుపు పూలు పూశాయి. చెక్కంతా పసుపు, తేనెటీగలు జుమ్మంటున్నాయి. నేను గర్వంగా ఒక రెమ్మ తుంచి తల్లో పెట్టుకున్నాను. (వాసన కాస్త తేడాగా ఉందనిపించింది. పట్నం పువ్వు కదా, అంతే అనుకున్నాను.)

పట్నంలోని పాతూరి నుంచి కూరగాయల వ్యాపారం చేసే సాయిబుగారు బండి తోలుకుని వచ్చారు. పక్కన పెద్దమావ. సాయిబుగారు చెక్కని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నా తల వైపు చూశారు.

“అమ్మా, కూర తల్లో పెట్టేసినావేటి?”

పెద్దమావ, “పసుపు బాగుంది. పెళ్ళెవులికే?” అని, సరుగుడు మొక్కలకి కబురు పెట్టేస్తానన్నాడు. నాకు ఏడుపు రాలేదు. అంత నీరు మోశాక కళ్ళలోకి నీరు రావడానికి కూడా ఓపిక ఉండాలి.

తోటికోడలు సాయిబుగారిని మూలకి తీసుకెళ్ళింది. తట్ట మీద ఆకు తీసినట్టు ఒక మొక్క ముసుగు విప్పింది. లోపల పాలలా తెల్లగా, బిగువుగా ఉంది. సాయిబుగారు వంగి బొటనవేలితో నొక్కారు, అచ్చం అది నొక్కినట్టే. ఇదీ మాల్, సరుకంటే ఇదీ అన్నారు. మూల మొత్తం బండికెక్కింది.

పెద్దమావ ఇంకా సరుగుడు అనబోతుంటే నాకు ఎక్కడ లేని నోరూ వచ్చింది. “అమ్ముడుపోతే సెక్క మీదే అన్నావు. ఎంత అమ్ముడుపోవాలో అన్నేదు మావా.”

ఆయన తువ్వాలు దులుపుకున్నాడు. సాయిబుగారి వైపు చూశాడు, బండి వైపు చూశాడు. “నోరు తప్ప ఇంకేటి నేదు దీనికి,” అని ఇంటికెళ్ళిపోయాడు. చెక్క మాకు మిగిలింది. మా పువ్వుల్ని గేదెలు తిన్నాయి. తల్లోది కూడా వాటికే ఇచ్చేశాను. ఆ విధంగా మేం గెలుచుకున్నది ఏమిటయ్యా అంటే, ఆ తర్వాత ఎన్నో చలికాలాలు కుండలు మోసే హక్కు. తోటికోడలు ముందు నడిచేది, వెనక నేను.

ఇన్నేళ్ళకి, మొన్న పట్నంలో, సీతమ్మధారలో కూరగాయల కొట్టు దగ్గర అట్టముక్క మీద పేరు కూడబలుక్కుని చదివాను. కా-లీ-ఫ్ల-వ-ర్. ముసలితనంలో నేర్చిన చదువు, ‘ఫ్ల’ దగ్గర కాస్త ఆగాల్సి వచ్చింది. ఆ పక్కన బుట్టలో ఒకటి వదులై, అంచున పసుపు తిరిగి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. కొట్టు కుర్రాడు చూసి, అది పాడైపోయింది మామ్మా, పారెయ్యడానికి పెట్టాను అన్నాడు.

“పాడవనేదు బాబూ,” అన్నాను. “ఇచ్చుకుంది.”