దేనికంటే టీచరమ్మ

మా ఓర్మెరాడ్ టీచర్ ముందు ఉత్తినే "బాగుంది" అని తప్పించుకున్నవాడు లేడు. "దేనికంటే?" అని గుమ్మం దగ్గరే పట్టుకునేది.

ఇంగ్లండులోని మా యార్క్‌షైర్ ఊరి కాలేజీవాళ్లు ఎండ తగిలే గదులు యోగాకిచ్చి, వలసొచ్చినవాళ్ల ఇంగ్లీషు క్లాసును పద్దెనిమిదేళ్లుగా కింద నేలమాళిగలో, భవనానికి వేడినిచ్చే బాయిలర్ పక్కన పడేశారు. "అన్యాయం కదా టీచర్?" అంటే, "అంతకుముందిచ్చిన సైకిళ్ల షెడ్డు కంటే వెచ్చగా ఉందిలే," అని కోటు విప్పేసేది.

పోలిక మాటలంటే ఆవిడకు ప్రాణం. చిన్న మాటకు వెనక 'అర్' తోక, పెద్ద మాటకు ముందు 'మోర్' టోపీ. మంగలి షాపు రెబ్వార్ ఓసారి "మోర్ కోల్డర్" అన్నాడు.

"తోకా టోపీ రెండూనా నాయనా? పెళ్లికెళ్తున్నావా?"

ఆ రెబ్వార్‌నే డాక్టరమ్మ "నొప్పి ఎక్కువగా ఉందా?" అని అడిగితే, "దేనికంటే?" అన్నాడట. ఆవిడ కలం కింద పెట్టి, "మీది ఓర్మెరాడ్ క్లాసా?" అందట.

పోయిన జూన్‌లో కాలేజీ అధికారి క్రాబ్‌ట్రీ కాగితం పట్టుకుని మెట్లు దిగాడు. మా పద్నాలుగు మందినీ తెలివినిబట్టి వరసలో రాయాలి, అట్టడుగువాళ్లకు వచ్చే ఏడు సీటు లేదన్నాడు. అందరి కళ్లూ జర్మీనా మీదికే పోయాయి. కాబూల్ మనిషి. ఆస్పత్రి వంటింట్లో గిన్నెలు తోముతుంది. ఈ క్లాసు తప్ప ఆమెతో ఇంగ్లీషు మాట్లాడే దిక్కు లేదు.

"ఈమె వెనకబడింది కదా?" అన్నాడు క్రాబ్‌ట్రీ.

"ఎవరికంటే?"

"మిగతావాళ్లకంటే, మేడమ్!"

"ఆ పోలిక నాకు రాదు," అంది టీచర్.

టీనీ, వాననీ, బస్సులనీ పోల్చకుండా వదలని ఆవిడ, మనిషిని మనిషితో పోల్చడం మేమెప్పుడూ వినలేదని అప్పుడు తట్టింది. ఆవిడ తన నోటుబుక్కు విప్పి చదివింది: "సెప్టెంబరులో జర్మీనా బస్సు డ్రైవర్‌కి ఎక్కడ దిగాలో రాసిన చీటీ చూపించేది. ఇప్పుడు పిల్లాడి టీకా తేదీ ఫోన్లో తనే మార్పించింది. సెప్టెంబరు జర్మీనా కంటే ఎంతో మెరుగు." పద్నాలుగు పేర్లకూ ఇదే వరస.

"ఇలాగైతే అందరూ ఫస్టే!" క్రాబ్‌ట్రీ తల పట్టుకున్నాడు. "మీరు వట్టి మొండివారు!"

వెనక బెంచీలోంచి జర్మీనా, తోకా టోపీ తడబడకుండా: "మీరు ఇంకా మొండి, సార్. ఆవిడ కంటే."

బాయిలర్ మోత వినబడనంతగా నవ్వాం. క్రాబ్‌ట్రీ కూడా ఆపుకోలేకపోయాడు. కాగితం మడిచి, పద్నాలుగు మందికీ సీట్లు రాసేశాడు.

మీ ఊళ్లోనూ తెలియని భాష మధ్య పడ్డవాళ్లు ఉంటారు, కట్టుబడి పనిలోనో, హోటల్ వెనకాలో, పక్కవాటాలోనో. వారానికో గంట వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు మాట కోసం తడుముకుంటుంటే అందించెయ్యకండి, ఆగండి. ఈ వారమే వెళ్లండి.