మడలో కట్టేసిన గేదె

మాది కొత్తపేట దగ్గర కాలవగట్టు ఊరు. అక్కడ నీరు ఎప్పుడూ ఒకవైపే పారుతుంది. స్వతంత్రం వచ్చిన మరుసటేడు కాట్రేనికోన అవతల, మడ అడవిని ఆనుకున్న ఊరికి కోడలిగా వెళ్లాను. అక్కడి నీళ్లు రోజుకు రెండుసార్లు వచ్చేవి, రెండుసార్లు పోయేవి. ఇవేం నీళ్లమ్మా, ఒక నిలకడ లేదు, అని విసుక్కునేదాన్ని.

పుట్టింటివారు నాతో ఒక చూడిగేదెను పంపారు. కొత్త ఊళ్లో దానికి నేను, నాకు అది. అత్తగారు తక్కువ మాటల మనిషి. ఆవిడకు నేనంటే గిట్టదని నాకు నేనే తీర్మానించేసుకున్నాను.

ఆ ఊరివాళ్లు పొద్దున్నే గేదెల్ని మడలోకి తోలేసేవారు. మడాకు మీద ఉప్పు పేరుకుని ఉంటుంది, గేదెలకు అదంటే ప్రాణం. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన మడవేళ్ల మధ్య పీతలు, రొయ్యపిల్లలు తిరుగుతుంటే, వాటి పక్కనే ఇవి మేసేవి. కాపలా ఎవరూ ఉండరు. పోటెక్కే వేళకు అవే ఈదుకుంటూ మెరకకు వచ్చేస్తాయి.

నా గేదె తప్పిపోతుందని నా భయం. అమావాస్య మర్నాడు తెల్లవారుతూనే దాన్ని తోలుకెళ్లి, మా ఊరి అలవాటు చొప్పున పలుపుతాడుతో మడచెట్టు మొదలుకి కట్టేసి వచ్చాను. తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

చద్దన్నాల దగ్గర అత్తగారు అడిగారు. “నీ గేదెని మందతో తోలేవా అమ్మాయ్?”

“లేదండి. మడలో చెట్టుకి కట్టేసొచ్చేనండి.”

ఆవిడ చేతిలో ముద్ద జారిపోయింది. “అమావాస్య పోటే తల్లీ! మామూలు పోటు కాదు, నిలువెత్తు లేస్తుంది!”

చెయ్యి కడగకుండానే పరిగెత్తాను. అప్పటికే నీళ్లు గేదె మెడ దాకా వచ్చేశాయి. ముట్టె పైకెత్తి అరుస్తోంది. ముడి నీళ్ల అడుగున ఉంది, తాడు నాని బిగిసిపోయింది. ఎంత లాగినా రాదు. నీళ్లు నా రొమ్ముల దాకా వచ్చాయి. నాకు ఈత రాదు. అయినా కడుపులో దూడతో ఉన్నదాన్ని వదిలి రావడానికి మనసొప్పలేదు.

వెనకనుంచి అత్తగారు కొడవలితో దిగారు. మునిగి తాడు కోసేశారు. పైకి తేలి, “తోక పట్టుకో! వదిలేవంటే చంపేస్తాను!” అని అరిచారు. నేను తోక పట్టుకున్నాను. ఆవిడ నా జడ పట్టుకున్నారు. గేదె మా ఇద్దరినీ గట్టుకి లాక్కొచ్చింది.

అత్తగారు దగ్గుతూనే గేదె కడుపు మీద చెయ్యి వేసి చూశారు. “దూడ కదుల్తోంది” అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

“మీకు ఈత రాబట్టి బతికేమండి అత్తయ్యగారూ.”

“ఈతా? నాకెక్కడొచ్చే! మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగి ఎరగను.”

“మరెందుకు దిగేరండీ?”

ఆవిడ నా జడ పిండుతూ, అదీ ఒక అడిగే మాటేనా అన్నట్టు చూశారు.

“నువ్వున్నావు కదే అందులో.”