కుట్టుకు వదిలిన అద్దం

కోరుట్లలో మా అక్క ఇంటి కిటికీని కోతి పగలగొట్టిందని అందరూ అంటారు. కోతి వైపు నుంచి చూస్తే సంగతి కొంచెం వేరు. అది ఎండపూట గోడ మీదుగా వస్తూ, కిటికీ అద్దంలో అచ్చం తనలాంటి ఇంకో కోతిని చూసింది. పళ్లు చూపించింది. అవతలిదీ చూపించింది. ఆ తర్వాత జరిగింది రెండు కోతుల సొంత వ్యవహారం. నష్టం మాత్రం మా అక్కది.

అక్క అప్పుడు ఆ కిటికీ కిందే మిషన్ మీద జాకెట్ కుడుతోంది. గాజు పెంకులు ఒళ్లో పడగానే ముందు జాకెట్ దులిపింది, ఆ తర్వాత కోతిని తిట్టింది, చేతికి గీరుకుందేమోనని చూసుకున్నది అన్నిటికంటే చివర. ఈ వరుస నాకు చెప్పినవాళ్లు పక్కింటివాళ్లు. అక్కను ఎరిగినవాడిని కాబట్టి నమ్మాను.

మా అక్క టైలర్. బోర్డు లేదు. బోర్డు లేకపోయినా సారంగాపూర్ నుంచి కూడా పెళ్లి జాకెట్లు వెతుక్కుంటూ వస్తాయి. ఎదుటి మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చేలోపు ఆమె కొలత మనసులో వేసేసుకుంటుంది. టేపు పట్టేది మర్యాద కోసం. నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. ఇంట్లో డిగ్రీ దాటి చదివినవాడిని నేనే కాబట్టి, ఏదైనా పగిలితే నాకు ఫోన్ వస్తుంది. బాగైనప్పుడు ఎవరూ చేయరు.

బావ సిరిసిల్లలో సాంచాల మీద పని చేస్తాడు. అక్కడ మరమగ్గాలను అట్లాగే అంటారు. వారమంతా అక్కడే ఉండి ఆదివారం కోరుట్లకు వస్తాడు. ఏళ్ల తరబడి సాంచాల చప్పుడులో మాట్లాడి మాట్లాడి, ఆయన రహస్యం చెబితే కూడా మూడో ఇంటివాళ్లు జవాబిస్తారు. అద్దం పగిలిన వారం ఆయన రాగానే మిషన్‌ను కిటికీకి దూరంగా వెనక గోడకు జరిపాడు. చిల్లుకు ఒక ఫ్లెక్సీ ముక్క బిగించాడు. వీధిలో ఎవరిదో గృహప్రవేశానికి కట్టింది, నారింజ రంగుది. ‘సుస్వాగతం’ అన్న అక్షరాలు సరిగ్గా వీధి వైపుకు వచ్చాయి. కోతులకు చదువు రాకపోవడం మా అదృష్టం.

ఫ్లెక్సీతో గాలి ఆగింది, వాన ఆగింది. వెలుతురు మాత్రం నారింజ రంగులో వచ్చింది. టైలర్ పనిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. గుడ్డకు దారం కలపాలంటే పగటి వెలుతురు కావాలి. ట్యూబులైటు కింద మెరూనూ గోధుమ రంగూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, ఎండలోకి తీసుకుపోతే ఒకరినొకరు ఎరగనట్టు నిలబడతాయి. ఇక నారింజ వెలుతురులో అన్ని రంగులూ ఒకే కుటుంబం. సారంగాపూర్ పెళ్లికూతురి మెరూన్ జాకెట్‌కు అక్క వేసిన దారం వీధిలోకి పోగానే ఇటుక రంగుకు తిరిగింది. పెళ్లికూతురి తల్లి జాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగానే అడిగింది.

“చెల్లే, గీ దారం పక్కింటోళ్లదా?”

అక్క కుట్లన్నీ విప్పి మళ్లీ కుట్టి ఇస్తానంది. ఇన్నేళ్లలో ఆమె చేతి నుంచి జాకెట్ వెనక్కి రావడం ఎవరూ చూడలేదు. ఆ ఆదివారం బావకు చెప్పి, అద్దం వేయించాలంది. బావ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను, భోజనానికి.

“అద్దం లేదు, గిద్దం లేదు. గోడ వెట్టుడే. వచ్చే ఆదివారం మేస్త్రిని తోల్కత్త.”

“గోడ వెడితె నేనెక్కడ కుట్టాలె?”

“ట్యూబులైట్ కింద. సిరిసిల్లల సాంచాలు ట్యూబులైట్ కింద నడుస్తలేవా?”

“సాంచెకు దారం ఎవ్వలో కలిపిస్తరు. నాకెవ్వలు కలిపిస్తరు?”

“మరి కోతి మీద వడి కరిస్తె? సూదులు ఎవ్వలేసుకోవాలె, నేనా?”

“నువ్వేసుకుంటనంటె చెప్పు, రేపే కరిపించుకుంట.”

బావ పప్పు కలుపుకున్నాడు. భయపడ్డప్పుడు ఆయన మాట ఇంకా గట్టిగా వస్తుందని నాకు తెలుసు. ఆ రోజు గిన్నెలు కూడా అదిరాయి. ఆయన వారమంతా సిరిసిల్లలో ఉంటాడు, ఆమె ఒక్కతే ఆ కిటికీ కింద కూర్చుంటుంది. సాంచాల మధ్య నిలబడి ఆయన ఏం ఊహించుకుంటాడో చెప్పనక్కర్లేదు. అక్కకు కూడా అది తెలుసు. తెలిసి కూడా గోడకు ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదంటే అరవలేదు. ఆయన విస్తట్లో ఇంకొంచెం పప్పు వేసింది.

వారం మధ్యలో నాకు ఫోన్ వచ్చింది.

“తమ్మీ, రాసుకో.” అక్క కిటికీ కొలతలు చెప్పింది. “కోరుట్లల అద్దాలు కోసేటాయన బిడ్డ పెండ్లని దుకాణం మూసిండు. ముస్తాబాద్ దిక్కు పోయిండట. నువ్వు జగిత్యాలల కోపిచ్చుకొని శనివారం రా.”

“బిగించేది ఎవ్వలు? వడ్లాయన అత్తడా?”

“రేపత్త అన్నడు.”

“ఎప్పుడన్నడు?”

“రోజూ అంటడు.”

జగిత్యాలలో అద్దాల దుకాణం ఆయన నా కాగితం చూసి, నన్ను చూసి అన్నాడు.

“కొలత పక్కానా సార్? కోసినంక అతుకవెట్టరాదు.”

“మా అక్క కొలిచింది,” అన్నాను. ఇక మాట్లాడటానికేమీ లేదన్నట్టు అన్నాను. ఆయన కోశాడు.

శనివారం ఆ అద్దాన్ని పాత బొంతలో చుట్టి బస్సెక్కాను. కండక్టరమ్మ బొంత వైపు అనుమానంగా చూసింది.

“గండ్ల ఏమున్నది సార్?”

“అద్దం.”

“మొఖం చూసుకునేదా?”

“కిటికిది.”

“అయితె నిలవెట్టి పట్టుకోండ్రి. బ్రేక్ ఏస్తె పగిలేది అద్దం, తిట్లు వడేది మాకు.”

పక్క సీటులో ఒక పెద్దామె కూరగాయల సంచిని కాళ్ల సందున ఇరికించుకుని, “చేతులు గుంజుతయి కొడుకా, ఇటు దిక్కు నేను పడ్త,” అని కోరుట్ల దాకా ఒక అంచు పట్టుకుంది. ఎవరి అద్దమో, ఎందుకో ఒక్క మాట అడగలేదు. దిగేటప్పుడు మాత్రం, “గింత బరువు కిటికి ఏం ఇల్లురా మీది,” అంది.

అక్క అప్పటికే కిటికీ రెక్కను శుభ్రం చేసి, మిగిలిన పెంకులు తీసి, అద్దం కూర్చునే గాడిని పాత టూత్‌బ్రష్‌తో దులిపి పెట్టింది. వడ్రంగి ‘రేపు’ కోసం ముందే తెచ్చుకున్న సన్నటి చెక్క పట్టీలు, స్క్రూలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఇద్దరం అద్దాన్ని ఎత్తి గాడికి ఆనించాం.

పోలేదు.

అద్దం పెద్దగా ఉంది. ఏదో ఒక మూల కాదు. నాలుగు వైపులా సమానంగా, శ్రద్ధగా పెద్దగా ఉంది. దుకాణం ఆయన కోసిన కొలతా, నా కాగితం మీది కొలతా ఒక్కటే. అక్క మెడలో టేపు తీసి గాడిని కొలిచింది, అద్దాన్ని కొలిచింది, టేపు మళ్లీ మెడలో వేసుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది.

“కుట్టుకు ఇడిచిన్రా.”

“దేనికి?”

“అద్దానికి. చుట్టూత అరంగులం. చెయ్యి అలవాటు.”

“అద్దాన్ని మడువస్తదా అక్కా?”

“మడువస్తె మీ బావతోని గీ లొల్లెందుకు?”

నవ్వు ఆగాక ఇద్దరం అద్దాన్ని మంచం మీద పడుకోబెట్టి చూస్తూ కూర్చున్నాం. తెల్లవారితే ఆదివారం. కోరుట్ల దుకాణం ఇంకా మూసే ఉంది. మళ్లీ జగిత్యాల పోయి కోయించుకుని వచ్చేసరికి బావ, మేస్త్రి, సిమెంటు, అన్నీ వచ్చేసి ఉంటాయి. నేను ఓదార్పుగా ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు కాబట్టి పనికొచ్చేది అయి ఉండదు. అక్క వినడం లేదు. మూలన చినిగిన బట్టల గంప నుంచి బావ ప్యాంటు ఒకటి బయటికి లాగింది. మోకాలు దగ్గర చక్కటి మాసిక ఉంది.

“గీ చిల్లు ఎంతున్నది?”

“బొటనవేలంత.”

“మాసిక?”

“అరచెయ్యంత.”

“చిల్లంత గుడ్డనే ఏస్తె కుట్టెక్కడ పడుతది? గుడ్డ పెద్దగనే ఉండాలె. లోపట పట్టకుంటె పాయె. బయటికెల్లి ఏద్దాం.”

అట్లా మా అక్క కిటికీకి మాసిక వేసింది. అద్దాన్ని గాడిలో కాకుండా రెక్క బయటి ముఖం మీద, చిల్లు మొత్తం కప్పి చుట్టూ అరంగుళం చెక్క మీదికి వచ్చేలా ఆనించాలి. అంచుల మీద చెక్క పట్టీలు పెట్టి స్క్రూలతో బిగించాలి. చెప్పడానికి ఇంతే. పాత సైకిల్ ట్యూబును నిలువునా పట్టీలుగా కత్తిరించి, జాకెట్ మెడకు పైపింగ్ వేసినట్టు అద్దం అంచు మొత్తానికి తొడిగింది. మూలల దగ్గర ట్యూబును చిన్న గాటు పెట్టి తిప్పిన తీరు చూస్తే, ఆ అద్దం కూడా ఏదో పెళ్లికి పోతుందేమో అనిపించింది.

నేను వీధిలో స్టూలు మీద నిలబడి అద్దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. నా చదువుకు తగిన పని. అక్క పక్కన ఇంకో స్టూలెక్కి, మేకుతో బెజ్జం చేసుకుంటూ స్క్రూలు తిప్పింది. ఒక్కటీ పూర్తిగా బిగించలేదు. “ముందు కచ్చా కుట్టు,” అంది. నాలుగు మూలలా వదులుగా పట్టించి, దూరం నుంచి చూసి, వంకర లేదని రూఢి చేసుకున్నాకే ఎదురెదురు వైపులు మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చింది. ఏ మూల ఎంత బిగువు పడుతుందో ఆమె వేళ్లకు తెలుస్తున్నట్టుంది. ఆ మధ్యాహ్నమంతా నేను అద్దంలో నా మొహం చూసుకుంటూ గడిపేయొచ్చు. ఆమె చేతులనే చూశాను.

ఎదురింటి పెద్దమ్మ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంది.

“ఏం బిడ్డా, కిటికికి కిటికి వెడ్తున్నవా?”

“మాసిక ఏస్తున్న పెద్దమ్మా.”

“మంచిగున్నది. అయినంక మా కోడలి నోటికి గూడ ఒకటెయ్యి.”

ఇంట్లోంచి కోడలు గొంతు వచ్చింది. “ముందు మా అత్త కొలతలు తీసుకో అక్కా.”

ఆదివారం పొద్దున బావ బండి మీద వచ్చాడు. వెనక మేస్త్రి, మధ్యలో సిమెంటు బస్తా. ఫ్లెక్సీ లేకపోవడం చూసి బండి స్టాండు వేయకుండానే అరిచాడు.

“గిదేంది?”

“అద్దం,” అంది అక్క గుమ్మంలోంచి.

“అద్దం కనవడుతుంది. బయటికెందుకున్నది?”

“లోపట ఏస్తె కోతి నూకినప్పుడు నా మీదనే వడుతది. బయటికెల్లి ఏస్తె ఎంత నూకినా చెక్కకే తన్నుకుంటది. ఎటు వోతది?”

ఆ నిమిషం దాకా ఈ కారణం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా అది నిజమే. బావ దగ్గరికి వచ్చి అరచెయ్యి పెట్టి నూకాడు. భుజం పెట్టి నూకాడు. అద్దం కదల్లేదు, కనీసం చప్పుడు కూడా చేయలేదు. మేస్త్రి కూడా వచ్చి వేలితో తట్టి చూశాడు.

“అన్నా, నేను కట్టే గోడ గూడ గింత గట్టిగుంటదని చెప్పలేను.”

“నువ్వు ఎవ్వల దిక్కు?”

“ఛాయ్ ఎవ్వలిస్తె వాళ్ల దిక్కు.”

అక్క ఛాయ్ పెట్టింది. మేం తాగుతుండగా గోడ మీద కోతి వచ్చింది. అదే కోతి అని నేను ప్రమాణం చేయను గానీ, నడకలో పాత పగ కనిపించింది. బావ గ్లాసు కింద పెట్టి, అక్కకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. కోతి అద్దంలోకి చూసింది, పళ్లు చూపించింది, రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. అద్దం చెక్కకు తన్నుకుంది. అంతే. ఇంకోసారి తోసింది. ఆ తర్వాత అవతలి కోతి మీద ఆసక్తి పోయినట్టుంది, కిందికి దిగి, బండికి తగిలించిన మేస్త్రి సద్ది సంచి తీసుకుని గోడెక్కింది.

“అయ్యో, నా సద్ది,” అన్నాడు మేస్త్రి.

“అన్నం ఈడనే తిందువు తియ్యి,” అంది అక్క.

బావ అద్దం చుట్టూ స్క్రూలు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాడు. అక్క లోపలికి పోయి, కుట్లు విప్పిన సారంగాపూర్ జాకెట్, గుప్పెడు దారపు ఉండలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“సాంచాలు నడిపేటోనివి గదా. నువ్వే కలిపియ్యి.”

ఆయన కిటికీ దగ్గరికి పోయి, జాకెట్‌ను వెలుతురులో పరిచి, ఒక్కొక్క దారం ఆనించి చూశాడు. ఒకటి తీసేశాడు. ఇంకోటి తీసేశాడు. చివరిది కాసేపు అట్లాగే పట్టుకుని, అక్కకు అందించాడు. అక్క చూసి తల ఊపింది.

“గీడ గోడ ఉంటె దొరుకుతుండెనా?”

బావ మేస్త్రి వైపు తిరిగి, ఆయన లెక్కకు మెల్లగా, అంటే వీధి చివరి దాకా మాత్రమే వినిపించేలా అన్నాడు.

“కూసున్నవేందే, లే. జర అటు దిక్కు పట్టు.”

గోడ కట్టడానికి వచ్చిన మేస్త్రి ఒక వైపు, బావ ఒక వైపు పట్టుకుని, వెనక గోడ దగ్గరున్న మిషన్‌ను ఎత్తి తెచ్చి కిటికీ కింద పెట్టారు. అక్క దాన్ని ఇంకో జానెడు వెలుతురులోకి జరుపుకుని, సూదిలోకి దారం ఎక్కించింది.