బొట్టు పెట్టిన దుంపలు

మా అవ్వ తాయారుకు భయం లేని వస్తువు ఈ చెన్నైలో లేదు. బల్లి భయం, గ్యాస్ సిలిండర్ భయం, ఆటో ఎక్కితే డ్రైవరు మీసం భయం. అట్లాంటి మనిషి తొండియార్‌పేటలోని మా ఇంటి ముందు, రోజంతా ఎండ పడే గోడ వారన, ఇరవై ఏళ్లుగా పెంచేది మాత్రం అగ్నిశిఖ. దీపావళి వానలకు ఆ తీగ గోడెక్కి, పసుపు అంచుల ఎర్రపూలు మంటల్లా పైకి లేస్తాయి. ఏటా ఆ దుంపే మళ్లీ మొలుస్తుంది. దుంప నిండా విషం.

శివరాత్రి నాటికి తీగ ఎండిపోతుంది. అవ్వ చేతులకు పాలిథిన్ కవర్లు కట్టుకుని దుంపలు తవ్వి, ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టి, బూడిద పోసిన గంపలో దాస్తుంది.

"ఎర్రగా ఉంటే అపాయమని ఎవరికైనా తెలుస్తాదే" అంటుంది. సిగ్నల్ దీపం తనే కనిపెట్టినట్టు.

మొన్న శివరాత్రి పోయాక ఒక ఆదివారం. ఆదివారం వంట మా తాత భక్తవత్సలానిది. చిరుకిళంగు వేపుడు చేశాడు. చామదుంప పిల్లల్లా ఉండే ఆ దుంపలంటే నాకు ప్రాణం. తాత తిని పడుకున్నాడు, నేను గిన్నె నాకేశాను. అప్పుడు వంటింట్లోంచి కేక.

"జననీ! ఈడ గంపలో నా దుంపలు ఏవే?"

బూడిద ఉంది, దుంపలు లేవు. పక్కనున్న చిరుకిళంగు గంపా ఖాళీ.

"నువ్వూ తింటివా?"

"తింటిని అవ్వా."

అవ్వ నా దవడలు పట్టి నోరు తెరిపించింది. ఇద్దరం తాత మంచం దగ్గరికి పరుగెత్తాం.

"ఏమండీ! లేయండి! ఏం వండినారు?"

"కిళంగు."

"ఏ కిళంగు?"

"గంపలోదే."

అవ్వ నేల మీద కూలబడింది. నేను ఆంబులెన్సుకు ఫోన్ చేయబోతే మూడంకెలు కూడా సరిగా నొక్కలేకపోయాను.

"బొట్టు పెట్టింటిని గదా, చూడలేదా మీరు?" అంది అవ్వ ఏడుస్తూ.

తాత లేచి కూర్చున్నాడు. "చూడకేం? బొట్టు పెట్టినదాన్ని ఎవరన్నా నేల మీద పెడతారా, బుద్ధుందా నీకు? ఏ గుడిలోనో ఇచ్చినారనుకుని దేవుడి గదిలో పెట్టినా. పో, ఆడ చూడు."

వెంకటేశ్వరుడి పటం ముందు, తమలపాకుల మీద ఎనిమిది విషపు దుంపలు. ఒక్కోదాని మీద ఒక మల్లెపువ్వు. అవ్వ మూడుసార్లు లెక్కపెట్టింది. వెనక్కి వచ్చి దేవుణ్ణి వదిలేసి తాతకు దండం పెట్టింది. పెట్టీ పెట్టకముందే కసిరింది.

"ముందు ఆ చేతులు కడుక్కోండి, సబ్బుతో!"

నాటే దాకా ఆ దుంపలు ఆమె చీరల బీరువాలో ఉన్నాయి, తాళంచెవి ఆమె బొడ్లో. ఇప్పుడు గోడంతా ఎరుపే. తాత చూడబోతే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తుంది.

"ఆడనుంచే చూడండి. దండం పెట్టబాకండి."