నా బుగ్గ మీద అత్త ఏల్లు

కాదండి, పక్కింటావిడ్ని వరస కలిపి పిలవడం కాదు. సొంత మేనత్తే. మా నాన్నకి అప్ప, అంటే అక్క. పొందూరులో ఉండీది.

పొద్దున్న టీ తాగతన్నాం, మావ పోన్ సేసినాడు. "మీ అత్త లెగనేదురా" అన్నాడు. నాకు అర్దం కానేదు. "లెగకపోతే లేపు మావా" అన్నాను. మావ ముక్కు ఎగబీల్సినట్టు ఇనపడింది. అలాగే పోన్ అట్టుకుని ఉన్నాడు. అప్పుడర్దమైనాది. నిద్దట్లోనే గుండె ఆగిపోనాదంట.

అత్త గురించి ఎవులైనా నాలుగు ముక్కలు రాస్తే బావున్ననిపించింది. మావోల్లో రాసీవోలు ఎవులూ నేరు. అందుకే నేనే పోన్లో కొడతన్నాను. ఏటైనా తప్పుంటే ఏటనుకోకండి.

మాది కళింగపట్నం పక్కన సముద్రం ఒడ్డున ఊరు. అమ్మోరి పండక్కి ఊరందరికీ ఒకే సోట వండుతారు. నేనింకా బడికెల్తన్నప్పుడు ఒక ఏడాది పెద్ద డేగిసాలో అన్నం వారుస్తంటే గుడ్డ జారిపోయి గంజి నా మీద పడిపోనాది. ఎడం బుగ్గ, దవడ కింద, మెడ. వేన్నీల్లయితే జారిపోతాయి. గంజి జారదండి, అంటుకుంటాది.

ఆస్పత్రిలో పుండు మానింది. మానినాక అసలు కత మొదలైంది. మానిన సోట సర్మం ఎర్రగా ఉబ్బడం మొదలెట్టింది. మెడ మీదైతే తాడు నాగ లెగిసి గట్టిపడిపోనాది. తల తిప్పితే లాగీది. దురద ఒకటి. 

మా నాన్న సముద్రాన్ని నమ్మినోడు. మావోల్లందరూ అంతే. జెల్ల సేప ముల్లు గుచ్చుకున్నా, గాలం దిగిపోనా, ఏది తెగినా సముద్రంలో ముంచీడమే. ఉప్పునీల్లకి మానని పుండు నేదంటారు. అందుకే నాన్న రోజూ నన్ను ఒడ్డుకి తీసుకుపోయి, ఉప్పునీల్లతో మొకం కడిగి, ఎండకేసి కూకోబెట్టీవోడు. నా కాడ తనూ కూకునీవోడు, వల బాగుసేసుకుంటా. పాపం ప్రేమతోనే సేసినాడు. కానీ కొత్తగా మానిన సర్మం కదా, ఎండకి నల్లగా మాడిపోనాది. ఇంకా ఉబ్బింది.

బల్లో పిల్లలు "మాడిన అట్టు" అని పిలిసీవోరు. బడి మానీసాను. కరోనా రోజుల మాస్కులు ఇంట్లో ఉంటే అయి తగిలించుకుని తిరిగీవోడిని. కరోనా ఎల్లిపోనా నా మాస్కు ఎల్లనేదు. అన్నం తిన్నప్పుడు గోడకేసి తిరిగి తినీవోడిని.

అప్పుడొచ్చింది అత్త. వచ్చీ రాగానే నా మాస్కు కిందకి లాగి సూసి, నాన్న మీద పడింది.

"ఏటిరా ఇది? పిల్లడనుకున్నావా, ఎండు సేపనుకున్నావా ఇసక మీద ఎండబెట్టీడానికి?"

"ఉప్పునీల్లు మంచిదే కదప్పా. తాతల కాడ్నుంచీ..."

"తాతలకి మొకాలు కాల్నాయేటి? డాకటరు ఏమన్నాడు?"

"పుండు మానిపోనాది, ఇంక రానక్కర్నేదన్నాడు."

"పుండు గురించి ఆయన సెప్పినాడు. మచ్చ గురించి నువ్వడగనేదు. రేపు ఈడికి పిల్లనెవుడిస్తాడ్రా?"

నాన్న నవ్వించాలనుకున్నాడు. "నువ్వే ఇయ్యి. మేనత్తవి కదా."

"నాకుంటే కదరా ఇయ్యడానికి" అంది అత్త.

అత్తకి పిల్లల్నేరు. నాన్న తలకాయ దించీసుకున్నాడు. మా అమ్మ గబగబా లోపలికెల్లిపోనాది. అత్తే నవ్వీసి, "సర్లే, పిల్లనివ్వనేను గానీ పిల్లడ్ని అట్టుకుపోతాను. ఒరే అల్లుడా, బట్టలు సద్దుకో" అంది.

అలాగ పొందూరు ఎల్లినాను.

మా మావ సేపల యాపారం మీద పొందూరొచ్చి ఆ ఊర్లోనే ఉండిపోనాడు. అత్తకి పొద్దుపోక పక్కింటోల దగ్గిర రాట్నం నేర్సుకుంది. ఆ ఊరు సన్న నూలుకి పేరు కదా. పత్తిని దువ్వడానికి ఆల్లు వాలుగ సేప దవడ వాడతారు. దానికి సన్న పల్లుంటాయి దువ్వెన నాగ. నేను మొదటిసారి సూసి నోరెల్లబెట్టీసాను. అత్త అంది, "మీరు సేప తినీసి దవడ పారేస్తారు. మేం దవడ దాసుకుంటాం. ఎవులు తెలివైనోలురా?" మావ లోపల్నుంచి అరిసినాడు, "సేప తిన్నోలే!"

శ్రీకాకుళంలో సర్మం డాకటరమ్మ కాడికి తీసుకెల్లింది. ఆవిడ నా మెడ అటూ ఇటూ తిప్పి సూసింది. అత్త తిన్నగా అడిగీసింది.

"ఇది పోద్దా అమ్మా?"

"పూర్తిగా పోదమ్మా. తగ్గుతుంది. పల్చబడుతుంది, మెత్తబడుతుంది, రంగు కలుస్తుంది. ఏడాది పైనే పట్టొచ్చు. రోజూ చెయ్యాలి, మధ్యలో మానేస్తే లాభం లేదు. ఓపిక ఉందా?"

"ఓపికేనా? అది బోల్డుంది నా కాడ."

బస్సులో కిటికీ కేసి తిరిగి ఏడుస్తన్నాను. పోదని సెప్పీసింది కదా. అత్త బుజ్జగించనేదు. "పోదురా. తగ్గుద్ది" అంది. కొంచెం దూరం ఎల్లినాక మల్లీ అంది, "పూర్తిగా పోద్దని సెప్పినోడు కాడ మాత్రం ఎప్పుడూ మందు కొనకు."

ఆ మాట మావ ఇననేదు. ఒకరోజు బజారు నుంచి తెల్లబడే ట్యూబొకటి అట్టుకొచ్చినాడు, వారంలో మచ్చ మాయమైపోద్దని షాపోడు సెప్పినాడంట. అత్త ఆ ట్యూబు పెట్టి మీద బొమ్మ సూసింది, మావని సూసింది. "ముందు నువ్వు రాసుకో. నువ్వు తెల్లబడితే పిల్లడికి రాస్తాను" అంది. మావ నలుపంటే మామూలు నలుపు కాదండి. తరవాత డాకటరమ్మకి సూపిస్తే, అలాంటియి రాస్తే సర్మం పల్చబడి ఇంకా పాడైపోద్దని సెప్పి సెత్త డబ్బాలో పడీసింది.

రోజూ సేసీది ఇదీ. మొకం కడిగి, పొడిగా ఒత్తి, డాకటరమ్మ ఇచ్చిన మచ్చల జెల్లు పల్చగా రాసి ఆరనియ్యాలి. మెడకీ దవడకీ సాగే బట్టతో కుట్టిన పట్టీ ఉండీది, అది బిగుతుగా ఏసుకోవాలి. బయటికెల్తే ఎండ తగలకుండా క్రీము, పైన గొడుగు. మరి పొద్దున్నొకసారి, సాయంత్రం ఒకసారి మచ్చని ఏల్లతో ఒత్తి ఒత్తి గుండ్రంగా తిప్పాలి. అదే అసలు పని. అది అత్తదే.

మొదటిరోజు సంగతి మీకు సెప్పాలి. అప్పటికి నా బుగ్గ ఎవులూ ముట్టుకోనేదు. మా అమ్మ సెయ్యి దగ్గిరకి తెచ్చి ఏడిసి ఎనక్కి తీసీసీది. నేను కూడా అద్దం సూసీవోడిని కాదు. అత్త గుమ్మం కాడ ఎలుతుర్లో కూకోబెట్టి, రెండు అరిసేతులూ రుద్దుకుని ఎచ్చజేసుకుని, తిన్నగా మచ్చ మీద ఏలు పెట్టీసింది. తలుపు మీదో గోడ మీదో పెట్టినట్టు, ఏటీ కానట్టు.

"నొప్పెడతాదా?"

"నేదు. సిగ్గేస్తంది."

"సిగ్గుకి జెల్లు నేదురా. అలవాటైపోద్ది."

నూలు వడికీవోల ఏల్లు ఎలాగుంటాయో తెల్సా మీకు? గరుకుంటే దారం తగులుకుని తెగిపోద్ది. అందుకని అత్త సేతుల్ని బద్రంగా సూసుకునీది. అంట్లు తోమినా బొగ్గు ముట్టుకున్నా ఎంటనే కడుక్కుని నూనె రాసుకునీది. బొటనేలు సివర సబ్బుబిల్ల నాగ నున్నగా ఉండీది. ఎంత ఒత్తాలో ఆ ఏలికి తెలుసు. ఎక్కువ ఒత్తితే తెగిపోద్ది, తక్కువ ఒత్తితే నూలు రాదు, మచ్చ కూడా అంతే అనీది.

అలాగని అన్నీ తెల్సనుకోకండి. ఒకపాలి సొంత తెలివితో ఆముదం దట్టంగా రాసీసింది. బుగ్గంతా పొక్కులొచ్చీసినాయి. డాకటరమ్మ బాగా కేకలేసింది. అత్త బుద్దిగా తలూపి, మెట్లు దిగతా, "నీ మూలాన తిట్లు తిన్నాన్రా అల్లుడా. బావున్నాయి, కారం కొంచెం తక్కువైంది" అంది. ఆముదం సీసా మాత్రం మావ కీల్ల నొప్పులకి ఇచ్చీసింది.

నాకు విసుగొచ్చీది. నెలలు గడుస్తన్నాయి, ఏటీ మారినట్టు కనపడీది కాదు. ఒకరోజు పట్టీ ఇసిరికొట్టీసాను. ఉక్కపోస్తంది, దురదెడతంది, నాకొద్దు అన్నాను. అత్త లెగిసింది. పట్టీ తీసి ఉతికి దండెం మీద ఆరేసింది. తరవాత రాట్నం కాడ కూకుని నన్ను పిలిసింది. "ఈ నూలు కండె సూడు. పొద్దున్నుంచీ వడికినాను. పెరిగినట్టుందా?" నేదన్నాను. "నాకూ కనపడదు. అయినా కోక అయిపోద్ది కదరా." పట్టీ ఆరీదాకా ఆవిడ వడుకుతానే ఉంది. ఆరినాక నేనే కట్టుకున్నాను.

మెల్లగా మెడ తిరగడం మొదలెట్టింది. తాడు నాగ ఉన్నది తగ్గి తగ్గి సర్మంలో కలిసింది. నలుపు ఇరిగింది. పోనేదండి. ఇప్పటికీ ఉన్నాది. కానీ సేత్తో తడిమితే ఎక్కడ మొదలైందో ఎక్కడైపోనాదో కల్లు మూసుకుంటే తెల్దు.

మాస్కు మాత్రం తియ్యనేదు నేను. మొకం తగ్గింది, నాకు తగ్గనేదు. ఒకపాలి సంతకి ఎల్తంటే అత్త అంది, "ఈరోజు ఒగ్గీరా అది. నేనున్నాను కదా పక్కన." నేను గుమ్మం కాడే ఆగిపోనాను. ఎంతసేపైనా కదల్నేదు. తిడతాదనుకున్నాను. "సరే. మొకం నీది. నీకెప్పుడు బుద్దేస్తే అప్పుడే" అని గొడుగు నా సేతికిచ్చి ముందు నడిసింది. ఆవిడ ఇంక మల్లీ అడగనేదు. అడక్కపోడం కూడా నాకు సేసిన మేలే అని ఇప్పుడు అనిపిస్తంది.

నేను మా ఇంటికొచ్చీసినాక అత్త రోజూ వీడియో కాల్ సేసీది. బాగున్నావా, తిన్నావా ఏటీ ఉండీది కాదు. "బుగ్గ సూపించు. ఎలుతుర్లోకి రా. ఇంకా దగ్గిరగా. నీ ముక్కు నాకెందుకురా, బుగ్గ!" తరవాత అనీది, "ఉండు, రాట్నం కాడోలకి సూపిస్తాను." నేను టక్కున కట్ సేసీసీవోడిని. ఎనకాల ఆడోల నవ్వులినపడీవి.

నాన్న గుజరాతు ఎల్లినాడు బోటు మీద, సేపల సీజనుకి. అత్త పోయిన రోజు నడి సముద్రంలో ఉన్నాడు. కబురందినా రానేడు.

మాకాడ ముత్తైదువుగా పోనావిడికి పుట్టింటోలు కోక తెచ్చి కప్పాలి. అది కప్పకుండా కదపరు. తమ్ముడు కప్పాలి. తమ్ముడు నేకపోతే తమ్ముడి కొడుకు. అంటే నేను. అమ్మ పసుపు కోక కొని నా సేతుల్లో ఎట్టింది. బస్సులో ఒల్లో ఎట్టుకుని కూకున్నాను. నా బయం సెప్పీస్తాను, దాసుకోను. ఊరందరి మద్దిలో నిలబడాలి. అందరూ నన్నే సూస్తారు. పొందూరు దగ్గిరయ్యీకొద్దీ మాస్కు ఇంకా పైకి లాక్కున్నాను.

ఈది నిండా జనం. దారిచ్చినారు. అత్తని అరుగు మీద పడుకోబెట్టినారు. నేను మాస్కుతోనే ఎల్లి నిలబడ్డాను. ఓ ముసలావిడ నాకేసి సూసి అడిగింది.

"పుట్టింటోలు రానేదేటి? ఈ ముసుగోడెవుడు?"

"మేనల్లుడండి" అంది అమ్మ.

"మేనల్లుడైతే దాపరికమేటమ్మా? పుట్టింటోడి మొకం సూడకుండా ఎల్లిపోవాలా ఆ తల్లి?"

ఆవిడ ఎగతాలిగా అననేదు. నిజంగానే అడిగింది. అత్తకేసి సూసినాను. కల్లు మూసుకునే ఉన్నాది. అయినా బుగ్గ సూపించమన్న అత్తకి నేనెప్పుడూ మూసిన మొకం సూపించనేదు కదండి. కోక అమ్మ సేతికిచ్చి, మాస్కు తీసి జేబులో ఎట్టుకున్నాను. గాలి తగిలింది బుగ్గకి. మల్లీ కోక తీసుకుని, మడత ఇప్పి, కాల్ల కాడ్నుంచి గుండెల దాకా కప్పినాను. మొకం మీద కప్పనేదు, మావ కప్పనియ్యనేదు.

లెగిసి నిలబడ్డాను. అదే మాట వొస్తాదనుకున్నాను, "అయ్యో పాపం, కాలిపోనాదా" అని. రానేదు. రాట్నం కాడోలు, అత్తతో పాటు వడికీ ఆడోలు, ఒక పక్కకి కూకునున్నారు. ఆల్లలో ఒకావిడ లెగిసొచ్చింది.

"ఓలమ్మా, నువ్వేనా? మీ అత్త రోజూ నీ గురించి సెప్పీది. పోన్లో సూపిస్తానంటే కట్ సేసీవోడివి నువ్వేనా?"

తలూపినాను.

ఆవిడ నన్నడగనైనా అడగనేదు. బుగ్గ మీద బొటనేలేసి మెల్లగా రాసి సూసింది. దారం సన్నగుందా, ముడున్నాదా అని సూస్తారు కదా, అలాగ. కల్లంట నీల్లు కారతన్నాయి ఆవిడికి. "ఒసే, ఇటు రండే. సూడండే దాని పని. ఎంత సాపుగా సేసిందో సూడండే" అంది.

ఒక్కొక్కలే వొచ్చినారు. ముసలోలు, కుర్రోలు. ఒకావిడ దవడ కింద తడిమింది, ఇంకోవిడ మెడ మీద. "ఇక్కడంతా గట్టిగుండీదంట." "అవునే, ఇప్పుడు సూడు." ఏడుస్తా, ముక్కులు తుడుసుకుంటా, మద్దిలో మెచ్చుకుంటా. ఎవులూ నన్ను సూడనేదు. ఆల్లు సూసింది అత్తని. నేను కదల్నేదు. సిగ్గెయ్యనేదు. అందరూ సూసీదాకా అత్త పక్కనే, ఎలుతుర్లో అలాగే నిలబడ్డాను.

అందరూ నూలు వడికీవోలే. అందరి ఏల్లూ నున్నగా, మెత్తగానే ఉన్నాయి. మరి అందులో ఒక్కటంటే ఒక్కటి కూడా అత్త ఏలు నాగ ఎందుకు నేదండి?