డెక్క మాదంటే మాది

కాలవలకి అడ్డంపడి పెరిగే గుర్రపు డెక్క కోసం జనం కొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. వద్దని కాదు, మాక్కావాలంటే మాక్కావాలని. చెబితే ఏలూరులో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు పొక్లెయిన్లతో కొట్టించేసిన మరుసటేడు సంగతి ఇది. అప్పటికి నేను తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా పని మానేసి ఏలూరు వచ్చేశాను. మా అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంక. చిన్నతనంలో దోనెలో కూర్చుని, అంచు మీంచి వంగి, దోసిలితో తాగిన నీళ్ళ రుచి నాకు బాగా గుర్తు. ఆ నీళ్ళలోకి ఎవరెవరు ఏమేమి వదిలారో అదీ గుర్తే. పై ఊళ్ళ మురుగంతా మోసుకొచ్చి సరస్సులో పోసేవాళ్ళే, పక్షులు తగ్గిపోయాయని సభలు పెడుతుంటే నాకు ఒళ్ళు మండేది. అందుకని కొల్లేరును బాగుచేస్తామంటూ మా పేటలో ఒక సంఘం మొదలైతే, వీళ్ళ సంగతేమిటో చూద్దామని పిలవకుండానే వెళ్ళి కూర్చున్నాను.

కాలేజీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, వాళ్ళందరికీ పెద్దగా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఒక మేడంగారు. మనిషి చురుకైనది, మంచిది. లంకల్లో చదివి వినిపించడానికి వాళ్ళు అచ్చేసిన కరపత్రమే ఘోరం. 'చిత్తడి నేలల జీవవైవిధ్య పరిరక్షణలో ప్రజా భాగస్వామ్యం' అట! నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా నమిలి మింగినవాణ్ణి. అలాంటి నాకే ఆ మాటలు గొంతు దిగలేదు.

"ఏవండీ మేడంగారూ, ఇది చదివి వినిపిస్తే ఉన్న కొంగలు కూడా ఎగిరిపోతాయండీ" అన్నాను.

ఆవిడ కోపం తెచ్చుకోకుండా పడీ పడీ నవ్వింది. "అయితే మీరే దారి చూపించండి బాబాయిగారూ. మీ వెనకాలే వస్తాం."

ఆకివీడు బస్సెక్కి, మధ్యలో దిగి, ఆటోలో కూరుకుని మా అమ్మ వాళ్ళ లంకకి వెళ్ళాం. తుఫాను షెల్టరు మెట్ల మీద ఊళ్ళోవాళ్ళు కూర్చున్నారు. ఆ లంకలో ఏ తగువైనా తీర్చేది ఒక పెద్దాయన. ఆయన మాట దాటి అక్కడ వల కూడా పడదు. చుట్ట వెలిగించి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"గట్లు కొట్టినప్పుడు కొంగల కోసమన్నారు. ఇప్పుడు కొంగల గురించి పాఠం చెబుతామంటున్నారు. మీకూ కొంగలకీ ఏవైనా చుట్టరికమా అండీ?"

మెట్లన్నీ ఘొల్లుమన్నాయి. అందరికంటే గట్టిగా మేడంగారే నవ్వింది. దాంతో ఆయన కాస్త మెత్తబడినట్టున్నాడు, లేచి మమ్మల్ని రేవు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ కాలవ ఉందని ఆయన చెబితే తెలియాలి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపు డెక్క పరుచుకుని, ఊదారంగు పువ్వులు పూసి, పచ్చిక బయలులా ఉంది.

"మా దోనెలు పెద్ద కొల్లేట్లోకి వెళ్ళే దారి ఇదొక్కటేనండి. ఒక్క ఆదివారం ఇస్తాను. పొద్దుగూకే లోపల నా దోనె ఈ కాలవ దాటిందా, మీ పాఠం ఊరంతా కూర్చుని వింటాం. దాటలేదా, మళ్ళీ మా లంక మొహం చూడకండి."

తిరుగు బస్సులో తలలు లెక్కపెట్టుకున్నాం. మేము పదిహేను మందికి మించం. అందులో సగం మంది నీళ్ళంటే బక్కెట్టులో చూసినవాళ్ళే. ఆ డెక్క మా వల్ల ఏమవుతుంది? అప్పుడు నాకు ఆ కాలవకి అవతల గట్టున ఉన్న రెండో లంక గుర్తొచ్చింది. అది మిషను దొరల కాలం నాటి చర్చి ఉన్న ఊరు. ఈ రెండు లంకలూ నాకు తెలిసినప్పటి నుంచీ అన్నిటికీ పోటీయే. కబడ్డీలో పోటీ, పదో తరగతి ఫలితాల్లో పోటీ, ఆఖరికి ఎవరి మైకు గట్టిగా మోగుతుందో దాన్లోనూ పోటీయే. డెక్క తీసే పందెం మాట వాళ్ళ పాస్టరుగారి చెవిలో పడేశాం. "పందెమా?" అన్నాడాయన, కళ్ళు మెరుస్తూ. "ఆదివారం ఆరాధన తెల్లారకముందే ముగించేస్తానండి!"

పందెం షరతులు రెండు ఊళ్ళవాళ్ళూ గట్టు మీద నిలబడి అరుచుకుని తేల్చుకున్నారు. ఎవరి గట్టు మీద డెక్క కుప్ప ఎత్తుగా ఉంటే వాళ్ళదే గెలుపు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి కొర్రమీను పులుసుతో భోజనం పెట్టాలి. కాలవ ఎంత మేర బాగుపడిందన్నది ఎవరి షరతులోనూ లేదు. ఆ సందడిలో మాకూ తట్టలేదు.

ఆదివారం వచ్చింది. ఏం చెప్పను! పాస్టరుగారు పంచె ఎగ్గట్టి, నడుముకి తువ్వాలు బిగించి ముందు దిగాడు. ఆయన వెనక ఆడామగా కీర్తన పాడుకుంటూ దిగారు. ఇవతలి వాళ్ళు ఊరుకుంటారా? డప్పులు తెచ్చారు. కీర్తనకీ డప్పుకీ తాళం కుదిరిపోయి రెండు గట్లూ ఊగిపోయాయి. మా బ్యాంకు ఆఫీసరుగారు దోనె ఎక్కబోయి, తిన్నగా అవతలి వైపు నుంచి దిగిపోయాడు, నీళ్ళలోకి. పైకొచ్చేసరికి నెత్తి మీద డెక్క పువ్వు.

"పెళ్ళికొడుకులా ఉన్నారండీ!" అని ఓ ముసలమ్మ అరిచింది.

నేను గట్టు మీద నిలబడి అజమాయిషీ చేస్తానన్నాను. బురద నా అనుమతి అడగలేదు, జారి నడుము లోతులో కూర్చున్నాను. చిన్నప్పటి నీళ్ళే అనిపించింది. అంతే, లేవబుద్ధి కాలేదు. డెబ్బై దాటిన వాణ్ణి, డెక్క విసిరి పాస్టరుగారిని కొట్టాను. ఆయన తిరిగి కొట్టాడు.

మధ్యాహ్నానికి కుప్పలు ఇళ్ళ చూరులంత లేచాయి. తీరా చూస్తే కాలవ కొసన డెక్క కదలనేలేదు. ఇదేమిటా అని ఊళ్ళోకి వెళ్ళి చూద్దును కదా, మా అమ్మ వాళ్ళ లంక కుర్రాళ్ళు సైకిలు క్యారేజీల మీద రోడ్డు పక్క గుంటల్లోంచి డెక్క తోలుకొస్తున్నారు.

"కాలవలోది తియ్యండర్రా!" అని మొత్తుకున్నాను.

"కాలవలోది పొట్టి రకమండి తాతగారూ. గుంటలోదైతే కాడ పొడుగు, కుప్ప లేస్తాది."

అవతలి ఊరివాళ్ళు ఏకంగా ట్రాక్టరే పెట్టారు. పాస్టరుగారిని నిలదీస్తే, "గెలవాలి కదండీ" అన్నాడు తల వంచుకుని.

మేడంగారు గొంతు పోయేలా అరిచి అందరినీ మళ్ళీ కాలవలోకి దింపింది. పొద్దు వాలే వేళకి మిగిలింది ఒక్కటే ముక్క. సరిగ్గా కాలవ నోటి దగ్గర, కిక్కిస రెల్లు కూడా మొలిచి, మనిషి నిలబడినా మునగనంత దిట్టమైన చాప. దాని ఇవతలి అంచు వీళ్ళు పట్టుకున్నారు, అవతలి అంచు వాళ్ళు.

"ఇది మాది!"

"మీదెలాగవుద్ది? దీని వేరు మా గట్టుకుంది!"

"పదేళ్ళ నుంచి మా రేవుకి అడ్డం పడుంది, మాది కాకపోతే ఎవరిది?"

అవతలి వాళ్ళు పట్టు ఇంకా బిగించారు. సగం సగం తీసుకోమని మేడంగారంటే, సగం ఎక్కడో తేలక మళ్ళీ తగువు. ఊరి పెద్దాయన గెడ పట్టుకుని తన దోనెలో నిలబడే ఉన్నాడు. "పొద్దు దిగిపోతోందండీ మేడంగారూ" అన్నాడు తాపీగా. ఎర్రటి సూర్యుడు రెల్లు చివళ్ళకి తగులుతున్నాడు. ఆవిడ ఒకసారి సూర్యుణ్ణీ, ఒకసారి చాపనీ చూసింది.

ఇందాక బ్యాంకు ఆఫీసరుని పెళ్ళికొడుకన్న ముసలమ్మే ఒక మోకు తెచ్చి చాప మధ్యలోకి విసిరింది. "లాగి చావండెహే! ఎవరికొచ్చింది వాళ్ళది!"

ఆవిడ మాట అందరికీ నచ్చింది. ఆ మోకు ఇవతలి వాళ్ళు చాపలోకి దూర్చి ముడేశారు, అవతలి వాళ్ళు ఇంకో మోకు తెచ్చారు. రెండు ఊళ్ళూ, మేమూ, ఎవరు ఎటో చూసుకోకుండా పట్టుకున్నాం. 'ఏలేలో హైలెస్సా' అని ఒక్క ఊపు, ఇంకో ఊపు. చాప మూలిగింది. మూడో ఊపుకి నడిమికి పర్రున చిరిగింది. రెండు ఊళ్ళూ ఎటువాళ్ళటు వెల్లకిలా బురదలో పడ్డాయి. గాలిలో కాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు నాకు.

ఆ సందులోంచి పెద్దాయన గెడ వేశాడు. దోనె అటూ ఇటూ డెక్క రాసుకుంటూ, పామల్లే జారి, పెద్ద కొల్లేట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ నీళ్ళ మీదున్న సంచి ముక్కుల గూడబాతులు ఒక్కసారిగా లేచాయి. పెద్దాయన తలపాగా తీసి ఊపుతూ కేక పెట్టాడు. ఆ కేక ఆయనదేనని వాళ్ళ ఊరివాళ్ళే నమ్మలేకపోయారు.

తిరిగొచ్చి, దోనె కట్టి, తిన్నగా వచ్చి డెక్క కుప్ప మీద కూర్చున్నాడు.

"చెప్పండి మేడంగారూ, మీ కొంగల సంగతి."

"ఇప్పుడాండీ? ఇలాగా?" ఆవిడ నెత్తి నుంచి కాలి దాకా బురద.

"మాటంటే మాటేనండి."

రెండు ఊళ్ళూ ఎవరి కుప్ప మీద వాళ్ళు ఎక్కి కూర్చున్నాయి. మేడంగారికి నవ్వాగక రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. చివరికి, "గూడబాతు పిల్లకి తల్లి ఎలా తినిపిస్తుందో మీరు చూశారా?" అంది.

అవతలి గట్టు నుంచి ఎవరో అరిచారు. "ముందు ఎవరి కుప్ప ఎత్తుగా ఉందో అది తేల్చండీ!"

పెద్దాయన అటు తిరిగి కళ్ళెర్ర చేశాడు. "నోరు మూసుకోరా! ఇక్కడ పాఠం జరుగుతోంది."